రెండు డోసుల టీకా పడ్డా పాపకు న్యుమోకాకస్ వచ్చింది, ఆడపడుచు బిడ్డకు వేయించాలా?

గుత్తి_అమ్మ
మాది గుత్తి దగ్గర పల్లె. పాపకు పదకొండు నెలలు. పోయిన నెల జ్వరం, వాంతులు. మామూలుగా ఎత్తుకుంటే ఊరుకుంటుంది, అప్పుడు ఎత్తుకుంటేనే ఎక్కువ ఏడ్చేది. మూడో రోజు తల తుడుస్తుంటే మాడు ఉబ్బి గట్టిగా తగిలింది. ఆ రాత్రే అనంతపురం తీసుకుపోయాం. వెన్నులోంచి నీళ్లు తీసి చూసి న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవి అన్నారు, మెదడు పొరలకు పట్టిందట. 14 రోజులు సూదులు పడ్డాయి. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, ఆడుకుంటోంది.

దీనికి టీకా ఉంది కదా, ఆరో వారం, పద్నాలుగో వారం వేయించాం. మరి ఎట్లా వచ్చింది? "ఊరికే పసిదాన్ని పొడిపించినావు" అంటోంది మా అత్త. ఆడపడుచుకు ఆరు వారాల బాబు. వచ్చే బుధవారం వాడికి టీకాలు. ఆడపడుచు వద్దంటోంది. వాదించే ఓపిక నాకు లేదు.

కదిరోడు
ల్యాబ్‌లో పనిచేస్తా, డాక్టర్‌ని కాదు. మా వైపు మాటలో చెప్తా. శెనక్కాయ ఒకటే, కానీ కె-6 వేరు, లేపాక్షి వేరు. ఈ సూక్ష్మజీవి కూడా అంతే. దాని ఒంటి చుట్టూ చక్కెరలతో ఒక పొర ఉంటుంది. ఆ పొరను బట్టి 100కు పైగా రకాలు. టీకా నేర్పేది ఆ పొరను గుర్తుపట్టడమే. రెండేళ్ల లోపు పిల్లల ఒళ్లు ఉట్టి చక్కెరను సరిగా పట్టించుకోదు కాబట్టి దానికి ఒక ప్రోటీన్ తగిలించి ఇస్తారు. సర్కారు టీకాలో పది రకాలు ఉంటాయి. అన్ని రకాలూ ఒకేలా జబ్బు చేయవు, పిల్లల్ని ఎక్కువగా పడేసేవి చూసి ఏరినవే ఆ పది. బయట మిగిలినవి ఉన్నాయి, అది నిజం. మీ పాపకు వచ్చింది ఏ రకమో మామూలు ల్యాబ్ చెప్పలేదు, వేలూరు సీఎంసీ లాంటి చోట చూడాలి.

తాడిపత్రి_శీను
అందుకే ప్రైవేటులో 13 రకాలది వేయించాలి. మావాడికి అదే. డోసుకు నాలుగు వేల దాకా అయింది.

కదిరోడు
శీనన్నా, సర్కారు ఇచ్చే న్యుమోసిల్‌లో లేనివి, మీరు వేయించిన దాంట్లో ఉన్నవి మూడు రకాలే, వాటి పేర్లు 3, 4, 18సి. అమెరికాలో 2000లో ఏడు రకాల టీకా మొదలుపెట్టాక ఆ ఏడూ తగ్గాయి, 19ఎ తలెత్తింది. ఆ 19ఎ న్యుమోసిల్‌లో ఉంది. హైదరాబాద్ బయలాజికల్-ఇ వాళ్లది 14 రకాలది కూడా వచ్చింది, అందులో 22ఎఫ్, 33ఎఫ్ కలిపారు. డబ్బుంటే వేయించుకోండి, తప్పు లేదు. ఉచితంగా దొరికేది నాసిరకం అనుకోవద్దు, అంతే.

ఆదోని_నాన్న
మా పెద్దోడికి 2016లో, ఏడో నెలలో మెదడు జ్వరం. అప్పటికి మన రాష్ట్రంలో సర్కారు పీసీవీ, అదే ఈ న్యుమోకాకస్ టీకా, లేదు, 2021లో వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు రోజులు యాంటీబయాటిక్ సూదులు వేశాడు. తర్వాత పెద్దాసుపత్రిలో కల్చర్ (పురుగును పెంచి చూసే పరీక్ష) పెడితే ఏమీ పెరగలేదు. ఏ పురుగో ఈరోజుకీ తెలీదు. ఎడమ చెవి వినపడదు. బడిలో వాణ్ణి ఎడమవైపు గోడ పక్కన కూర్చోబెట్టమని ఏటా టీచర్‌కు చెప్పుకోవాలి. అమ్మా, పాపకు చెవి పరీక్ష చేయించారా? నవ్వుతోంది కదా అని వదిలేయకండి. మేం వదిలేశాం, మూడేళ్లకు తెలిసింది.

రిటైర్డ్_ఏఎన్‌ఎం
అమ్మా, కార్డు తీసి తొమ్మిదో నెల గడి చూడు. పీసీవీ మూడో డోసు తేదీ ఉందా?

గుత్తి_అమ్మ
ఇప్పుడే చూశా. ఎమ్మార్ (తట్టు, రుబెల్లా టీకా) దగ్గర తేదీ ఉంది. పీసీవీ గడి ఖాళీ. ఆరోజు పాపకు జలుబు. మూడు సూదులు అనగానే మా అత్త "ఒక్కటి చాల్లే తల్లీ, మళ్లీ వస్తాం" అంది. నేనూ సరే అన్నా. మళ్లీ పోలేదు.

రిటైర్డ్_ఏఎన్‌ఎం
నిన్ను తప్పు పట్టడానికి అడగలేదు. మూడోది పడినా రాకపోయేదని ఎవరూ రాసివ్వలేరు, టీకాలో లేని రకం కావచ్చు. కానీ మొదటి రెండు డోసుల బలాన్ని నిలబెట్టేది ఆ మూడోదే. మామూలు జలుబుకు టీకా ఆపక్కర్లేదు. ఏడాది లోపు ఒక్క డోసైనా పడిన బిడ్డకు మిగతావి తర్వాతైనా వేస్తారు. జబ్బు వచ్చిపోయింది కదా అని మానకు, వచ్చింది ఒక రకమే. మీ డాక్టర్‌ను అడిగి వేయించు. చంటోళ్ల ముక్కుల్లో ఈ పురుగు కాపురం ఉంటుంది, ముద్దు పెట్టే ముసలోళ్లకూ అంటుతుంది. ఆ మాట మీ అత్తతో చెప్పు.

గుత్తి_అమ్మ
బుధవారం అందరం పోయొచ్చాం. బాబుకు తొడకొకటి, చేతికొకటి, నోట్లో చుక్కలు. ఏడ్చి ఏడ్చి మా అత్త భుజం మీదే నిద్రపోయాడు. డాక్టర్ సరే అన్నారు, పాపకూ కుడి తొడకు వేశారు. చెవి పరీక్ష శుక్రవారం. పాప నిద్రలో ఉండాలంట, కొత్త చోట ఇది కన్ను మూయదు. ఏం చేయాలి?

ఆదోని_నాన్న
ఆరోజు తెల్లారే లేపేయండి. బస్సులో నిద్రపోనివ్వద్దు. అక్కడికి పోయాక కడుపు నిండా పాలివ్వండి. ఇంట్లో కప్పే దుప్పటి మర్చిపోకండి.