కాలేజీ కబడ్డీ జట్టు: సెకండ్ హాఫ్‌లో చైన్ విడిపోతోంది, ఇంటర్ కాలేజియేట్‌కి పది వారాలే ఉంది

గుంటూరు పీడీ:

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర డిగ్రీ కాలేజీలో పీడీని (ఫిజికల్ డైరెక్టర్), మాది అబ్బాయిల జట్టు. సెలక్షన్లయ్యాక 16 మంది ఉన్నారు, అందులోంచి 12 మందిని తేల్చాలి. నాగార్జున యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్‌కి పది వారాల టైముంది. ప్రాక్టీసు మ్యాచుల్లో ఫస్ట్ హాఫ్ మనదే అవుతోంది. బ్రేక్ తర్వాత పది నిమిషాలు గడిచేసరికి చైన్ (చేతులు పట్టుకుని నిలబడే డిఫెండర్ల వరస) విడిపోతోంది: కార్నర్ (వరస చివర నిలబడేవాడు) రైడర్ కాలు పట్టినా పక్కవాడు అందుకోవట్లేదు. రైడింగ్ (కూతకెళ్ళే) భారమంతా ఒక్క కుర్రాడి మీదే ఉంది. పైగా మాది నల్లరేగడి నేల: వానకి బంక, ఎండకి నెర్రెలు. టోర్నమెంటేమో మ్యాట్ మీద. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

ఎడమ కార్నర్:

పీడీ గారూ, డిఫెన్స్ కంటే ముందు రైడ్ల లెక్క చూడండి. హాఫ్ 20 నిమిషాలు, రైడ్ 30 సెకన్లు. నిండా వాడుకుంటే 40 రైడ్లు, అందులో మన వంతు 20. వాటిలో పదిహేను ఒక్కడే చేస్తే, మధ్యలో ఎదుటివాళ్ళ రైడ్లకి చైన్‌లో కూడా నిలబడాలి. బ్రేక్ తర్వాత వాడి కాళ్ళు లేవవు, పట్టుబడతాడు. వాడు బయట కూర్చున్నంతసేపూ మనకి పాయింట్ తెచ్చేవాడుండడు, డిఫెండర్లు కంగారుపడి ముందుకి దూకుతారు. మీరు చైన్ విడిపోవడం అంటున్నది చాలావరకు ఇదే.

ముగ్గురు రైడర్లని తయారుచెయ్యండి. అసలువాడికి నాలుగింట రెండు రైడ్లు మించనివ్వకండి. ఎదుట ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నంతవరకే బోనస్ (బోనస్ గీత దాటి కాలు పెడితే వచ్చే అదనపు పాయింట్) ఉంటుంది కాబట్టి, అడుగు పొడుగ్గా వేసేవాణ్ణి ఒకణ్ణి బోనస్ కోసమే పెట్టుకోండి. బోనస్ గీత మీద కాలు పడేటప్పటికి వెనక కాలు గాల్లో ఉండాలి. కుర్రాళ్ళు వెనక కాలు ఈడుస్తారు, రిఫరీ ఇవ్వడు, బాధపడతారు. మూడో రైడ్ రూల్ (వరసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోదాంట్లో పాయింట్ తేకపోతే రైడర్ ఔట్) ఉన్న టోర్నమెంటైతే రెండు ఖాళీ రైడ్ల తర్వాత అసలువాణ్ణి పంపండి. ప్రో కబడ్డీ చూసి అందరూ ముందే డుబ్కీకి (వంగి చైన్ కింద నుంచి దూరిపోవడం) దిగుతున్నారు. హ్యాండ్ టచ్, టో టచ్ కుదిరేదాకా దాని జోలికి పోనివ్వకండి.

ఇక చైన్. కార్నర్, పక్కనున్న ఇన్ ప్లేయర్ జంటలని ఇవాళే ఖాయం చేసి పది వారాలూ మార్చకండి. కార్నర్ కాలు పట్టడం చూశాక కదిలితే ఆలస్యమే. కార్నర్ తన చెయ్యి వదిలిన క్షణమే పక్కవాడికి కబురు అందినట్టు, అప్పుడే బయల్దేరాలి. బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) నుంచి మిడ్ లైన్‌కి (కోర్టు నడిమి గీత) 3.75 మీటర్లే. రైడర్ బోర్లా పడి చెయ్యి చాచాడంటే అందులో సగానికి పైగా అక్కడే కలిసొస్తుంది.

మొదటి వారం ఇదంతా నడక వేగంతోనే చేయించండి. రైడర్ నడుస్తూ వస్తాడు, కార్నర్ రెండు చేతులతో మడమ పైన పట్టి తనవైపు లాగుతాడు, తల కాలికి బయటివైపు. తల మోకాలికి ఎదురుగా పెడితే దెబ్బ తలకే. ఇన్ వచ్చి తొడ పడతాడు, కవర్ (ఇన్ పక్కన, చైన్ నడుమ నిలబడేవాడు) మిడ్ లైన్ వైపు దారి మూస్తాడు. ఇలా ఒక్కో వైపు రోజుకి 20 సార్లు. రెండో వారం సగం వేగం, మూడో వారం నుంచి పూర్తి వేగం.

ఇంకో సంగతి. అందరూ ట్యాకిల్స్ ప్రాక్టీసు మొదట్లో, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు చేయిస్తారు. మ్యాచ్‌లో అవసరమయ్యేది ఊపిరి అందనప్పుడు. వారానికి రెండు రోజులు పది మీటర్ల షటిల్స్ అయ్యాక, చివర్లో చేయించండి. ఆ రెండు రోజులూ ఎత్తి పడెయ్యడం మాత్రం వద్దు, అలసిన ఒంటికే దెబ్బలెక్కువ.

కృష్ణలంక కోర్టు:

నల్లరేగడి మీద పైపైన ఇసుక చల్లితే లాభం లేదు, వారానికే అడుగుకి దిగిపోతుంది. కోర్టు 13 × 10 మీటర్లు, చుట్టూ మీటరు వదిలితే 15 × 12. చుట్టుపక్కల నేల కంటే అర అడుగు ఎత్తు లేపాలి. అంటే 27 ఘనపు మీటర్ల మట్టి. అణిగేది కూడా కలుపుకుంటే పన్నెండు ట్రాక్టర్ ట్రక్కులు పడతాయి. జల్లెడ పట్టిన ఎర్రమట్టి మూడు వంతులు, ఇసుక ఒక వంతు. పైన రెండంగుళాల మందాన రంపపు పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. నీళ్ళు చల్లి, మర్నాడు రోలర్ తిప్పి, ఆపైన పళ్ళకొయ్యతో గీరి గుల్ల చెయ్యాలి. రోలర్ తిప్పి వదిలేస్తే సిమెంటు నేలతో సమానం.

గీతలకి సున్నం వాడకండి, కళ్ళలో పడితే ప్రమాదం. ముగ్గుపిండి చాలు, లేదంటే నవారు పరిచి మేకులు పూర్తిగా దిగ్గొట్టండి.

మోకాలి చిప్ప (ఫిజియో):

మట్టిలో పాదం కొంచెం జారి తిరుగుతుంది. మ్యాట్ మీద షూ సోలు అతుక్కుపోతుంది, ఒళ్ళు తిరిగినా పాదం తిరగదు, ఆ మెలిక మోకాలి లిగమెంట్ మీద పడుతుంది. ఉత్త కాళ్ళతో ఆడి నేరుగా టోర్నమెంట్‌లో షూ వేసే జట్లకి ఇదే ముప్పు. కనీసం నాలుగు వారాల ముందు నుంచి షూతోనే తిప్పండి. ఒక్క పెద్ద అడుగులో ఆగి తిరగకుండా, మూడు చిన్న అడుగుల్లో తిరగడం అలవాటు చేయించండి. ఆఖరి మూడు వారాల్లో వారానికి రెండుసార్లైనా మ్యాట్ దొరికే చోటుకి తీసుకెళ్ళండి. ఎవరైనా అరువిస్తే మీటరు పలకలు 130 పరిస్తే కోర్టు నిండుతుంది.

మన దగ్గర ఉక్కపోత చిన్న విషయం కాదు. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా బరువు చూడండి. 70 కిలోల కుర్రాడు కిలోన్నర తగ్గాడంటే నీళ్ళు చాల్లేదు. లీటరు నీళ్ళకి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, సగం నీళ్ళకి సగం ప్యాకెట్ అంటూ అంచనాగా కలపొద్దు. తలకి దెబ్బ తగిలి తికమకగా ఉన్నవాణ్ణి ఆ రోజు మళ్ళీ కోర్టులోకి దించొద్దు, ఫైనలైనా సరే.

గుంటూరు పీడీ:

చాలా థాంక్సండీ. ట్రక్కుల లెక్క ప్రిన్సిపాల్ గారికి చూపిస్తాను. రెండు సందేహాలు: మా కుడి కార్నర్ 88 కిలోలున్నాడు. ఇంకోటి, కోర్టులో ఒక్కడే మిగిలినప్పుడు ఏం చెప్పాలి?

కాయితాల సంగతి:

సీనియర్ పురుషులకి లిమిట్ 85 కిలోలు. వారానికి అర కిలో చొప్పున ఇప్పట్నుంచే దించండి, రాత్రి అన్నం తగ్గించి గుడ్లు, శెనగలు పెంచండి. ఆఖరి రెండు రోజులు నీళ్ళు మానిపించి తూకానికి నిలబెడితే మ్యాచ్‌లో పిక్కలు పట్టేస్తాయి. యూనివర్సిటీ జట్టుకి ఎవరైనా ఎంపికైతే జూలై 1 నాటికి 17 నిండి 25 దాటకుండా ఉండాలి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్ ఇప్పుడే తీసి ఫైల్లో పెట్టండి. మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉన్నవాళ్ళు ప్రతి జట్టులో ఇద్దరైనా తేలతారు.

ఎడమ కార్నర్:

ఒక్కడు మిగిలినప్పుడు గడియారం చూడండి. హాఫ్‌లో ఇంకా ఎనిమిది, పది నిమిషాలుంటే వాణ్ణి దాచి లాభం లేదు. ఆలౌట్‌కి (జట్టు మొత్తం ఔటవడం) రెండు పాయింట్లు ఎక్కువ పోయినా ఏడుగురూ తిరిగొస్తారు, సాగదీస్తే మీ రైడర్ బయటే కూర్చుంటాడు. ఆఖరి మూడు నిమిషాల్లో ఆధిక్యంలో ఉంటే మాత్రం వాడు కూత ఆపకుండా 30 సెకన్లూ లాగాలి. టచ్ లేకుండా లాబీలో (కోర్టు రెండు పక్కలా ఉండే పట్టీ) కాలు పెడితే ఔటే, అది ముందే చెప్పి పంపండి. ఇద్దరో ముగ్గురో ఉన్నారంటే ఆట వేరు: అంత తక్కువమందితో రైడర్ని పట్టే సూపర్ ట్యాకిల్‌కి రెండు పాయింట్లొస్తాయి. అప్పుడు కార్నర్లిద్దరినీ లోపల ఉంచేలా, ముందు నుంచే కవర్లని దూకుడుగా ఆడించండి. టైమౌట్ ఒకటి సెకండ్ హాఫ్ పదో నిమిషం దాకా అట్టేపెట్టుకోండి, మీ జట్టు జారేది అక్కడే కదా.