నెలలు నిండని బిడ్డ ఇంటికి వచ్చాక తల్లిపాలు చాలుతాయా, డబ్బాపాలు కలపాలా?

అమ్మమ్మ: 33 వారాలకే పుట్టిన మా మనవరాలిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించారు. రొమ్ము పట్టించిన కాసేపటికే నిద్రలోకి జారుకుంటోంది. తల్లిపాలు తప్ప మరేమీ వద్దని కొందరు, డబ్బాపాలు కలపకపోతే బరువు పెరగదని ఇంకొందరు అంటున్నారు. ఏది సబబు?

ఒక తండ్రి: డబ్బాపాలు కలపడమే క్షేమమని నా అభిప్రాయం. రొమ్ము దగ్గర బిడ్డ ఎంత తాగిందో తెలియదు, సీసాలో అయితే లెక్క తెలుస్తుంది. పైగా రాత్రింబవళ్లు పాలు పట్టి, పిండి అలసిపోయే తల్లి గురించి ఎవరూ ఆలోచించడం లేదు.

నవజాత శిశు విభాగపు నర్సు: అమ్మమ్మగారూ, చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం పొందికగా చేసే శక్తి బిడ్డకు, గర్భం నాటి నుంచి లెక్కిస్తే, సుమారు 34 వారాల వేళకు మొదలై, మరికొన్ని వారాలకు గాని కుదురుకోదు కనుక, రొమ్ము దగ్గర నిద్రపోవడం చాలాసార్లు అలసటకు గుర్తే తప్ప తల్లికి పాలు లేవనడానికి కాదు. రెండు మూడు గంటలకొకసారి లేపి రొమ్ము పట్టించి, ఆపైన పిండిన తల్లిపాలనే ఉగ్గుగిన్నెతో, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, తల ఎత్తి పట్టుకొని కొద్దికొద్దిగా పట్టండి. పైన పట్టిన పాలకు లెక్క ఉంటుంది. తండ్రిగారు కోరిన కొలతకు డబ్బా అక్కరలేదు. డబ్బాపాలు ముందే మొదలుపెడితే పిండడం తగ్గుతుంది, రొమ్ము ఖాళీ కాని కొద్దీ పాలు ఊరడం తగ్గుతుంది, చివరికి పాలు చాలడం లేదన్న మాట నిజమై కూర్చుంటుంది. ఇక తల్లి అలసట విషయంలో తండ్రిగారి మాట అక్షరాలా నిజం. అయితే ఉగ్గుగిన్నెతో పట్టడం, కంగారూ పద్ధతిలో బిడ్డను ఒంటికి ఆనించుకొని ఉంచడం మీరూ చేయగలరు, తండ్రీ చేయగలడు. తల్లిని ఆ వేళ నిద్రపోనివ్వండి.

ఒక తండ్రి: అన్నీ చేసినా బరువు పెరగకపోతే?

నర్సు: అప్పుడు నిర్ణయం వైద్యులదే. 32 వారాలకు ముందు పుట్టిన బిడ్డలకు, 1.5 కిలోల కంటే తక్కువ బరువున్న వారికి తల్లిపాలలో పోషకాలు కలిపే విషయం పరిశీలించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తల్లిపాలు తాగే నెలలు నిండని బిడ్డలకు ఇనుము చుక్కలూ అవసరమే, మోతాదు వైద్యులు చెబుతారు. ఎప్పుడూ ఒకే తూనికపై బరువు చూపించండి. బిడ్డ పాలు తాగడం మానినా, ఒళ్లు చల్లబడినా, పెదవులు నీలంగా మారినా తూకం కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.