ఐదు ఓటములతో ప్లేఆఫ్స్‌కి వచ్చాం, సండర్లాండ్ వాళ్ళు ఒకసారి ఇటు రండి

వేర్_గట్టు · మే 3, 2025, సాయంత్రం

ఇప్పుడే మన గ్రౌండ్ స్టేడియం ఆఫ్ లైట్ నుంచి ఇంటికి నడిచి వచ్చాను, ఇంకా బూట్లు కూడా విప్పలేదు. క్యూపీఆర్ చేతిలో 0-1. వరసగా ఐదో ఓటమి. ఛాంపియన్‌షిప్‌లో (ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ రెండో డివిజన్) నాలుగో స్థానం, అంటే మూడు నుంచి ఆరు స్థానాల వాళ్ళు ప్రీమియర్ లీగ్‌కి వెళ్ళే చివరి ఒక్క చోటు కోసం ఆడే ప్లేఆఫ్స్, ఎప్పుడో ఖాయమైపోయింది, కోచ్ లె బ్రిస్ కావాలనే మెయిన్ ప్లేయర్లకి రెస్ట్ ఇస్తున్నాడు, అదంతా నాకూ తెలుసు, కానీ ఐదు మ్యాచ్‌లు ఓడి సెమీఫైనల్‌కి వెళ్ళే టీమ్‌ని చూసి ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పండి. నేను చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి, 2022లో వికమ్‌ మీద 2-0తో గెలిచి మూడో డివిజన్ నుంచి బయటపడ్డప్పుడు లండన్‌లో వెంబ్లీ స్టేడియంలో ఉన్నాను. ఆ రోజు ఇంత టెన్షన్ లేదు. ఈసారి ఎంతవరకు వెళ్తామంటారు? మీ అనుభవాలు కూడా రాయండి, ముఖ్యంగా పాతవాళ్ళు.

గుంటూరు_నల్లపిల్లి · మే 3

అన్నా, నేను నెట్‌ఫ్లిక్స్‌లో ఆ డాక్యుమెంటరీ చూసి ఇందులో ఇరుక్కున్నవాణ్ణి. 2017లో ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోవడం, 2018లో ఇంకో మెట్టు కిందకి పడిపోవడం, అదంతా చూశాక కూడా ఈ టీమ్‌నే పట్టుకున్నానంటే తప్పు నాదే. ఇక్కడ మా ఫ్రెండ్స్ అందరూ మాంచెస్టర్, లివర్‌పూల్, ఆర్సెనల్. సండర్లాండ్ అంటే "అదెక్కడ రా" అంటారు.

సెమీస్‌లో మనకి ఎదురొచ్చే కోవెంట్రీ గురించి నా భయం ఒకటే. మార్చిలో వాళ్ళ గ్రౌండ్‌లో 3-0తో ఉతికారు మనల్ని.

లెక్కల_మాస్టారు · మే 4

టేబుల్ చూసి మాట్లాడదాం. లీడ్స్, బర్న్లీ చెరో 100 పాయింట్లతో నేరుగా పైకి వెళ్ళిపోయాయి. షెఫీల్డ్ యునైటెడ్ 90, అదీ రెండు పాయింట్లు కోత పడ్డాక. మనం 76, కోవెంట్రీ 69, బ్రిస్టల్ సిటీ 68. అంటే మూడో స్థానానికీ మనకీ 14 పాయింట్ల తేడా, 46 మ్యాచ్‌ల సీజన్‌లో అది చిన్న తేడా కాదు. ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళకి ఒకసారి ఓడినా ఇంకో ఛాన్స్ ఉంటుంది కదా, ఇక్కడ అదేం లేదు. షెఫీల్డ్‌ వాళ్ళకి దొరికే బహుమానం ఒక్కటే, రెండు లెగ్‌లుగా (మ్యాచ్‌లుగా) జరిగే సెమీస్‌లో రెండోది సొంత గ్రౌండ్‌లో ఆడటం. అది మనకీ ఉంది. బయటి గ్రౌండ్‌లో కొట్టిన గోల్‌కి ఎక్కువ విలువ ఇచ్చే రూలు ఇక్కడ లేదు. రెండు మ్యాచ్‌ల మొత్తం సమానమైతే ఎక్స్‌ట్రా టైమ్, తర్వాత పెనాల్టీలు.

న్యాయంగా చూస్తే షెఫీల్డే పైకి వెళ్ళాలి. నాలుగో స్థానం వాడిగా నాకు న్యాయం అక్కర్లేదు.

రోకర్_డాక్టర్ · మే 4, రాత్రి

పాతవాళ్ళని పిలిచారు కాబట్టి వచ్చాను. నేను 1996లో ఉద్యోగానికి ఈ ఊరు వచ్చాను. అప్పటికి పాత స్టేడియం రోకర్ పార్క్ ఇంకా ఉంది. ఆ మరుసటి ఏడే బొగ్గు గని మూసేసిన చోట కొత్తది కట్టారు, బయట గని కార్మికుల దీపం బొమ్మ అందుకే ఉంటుంది. ఫుట్‌బాల్ అంటే ఏమీ తెలియదు నాకు, వార్డులో పేషెంట్లు సోమవారం పొద్దున ఏ మూడ్‌లో ఉంటారో తెలుసుకోడానికి శనివారం స్కోరు చూడటం మొదలుపెట్టాను, నిజంగా అంతే.

1998 ప్లేఆఫ్ ఫైనల్‌కి ఒక కొలీగ్ టికెట్ ఇచ్చి తీసుకెళ్ళాడు. చార్ల్టన్‌తో 4-4. వాళ్ళ తరఫున మూడు గోల్స్ కొట్టిన క్లైవ్ మెండోంకా పెరిగింది సండర్లాండ్‌లోనే, చిన్నప్పటి నుంచీ మన టీమ్ అభిమాని. నాలుగో గోల్ కొట్టిన రిచర్డ్ రూఫస్‌కి ఆ క్లబ్‌ తరఫున అదే మొదటి గోల్. పెనాల్టీలు ఐదైదు అయ్యాక కూడా తేలలేదు, చివరికి మైకెల్ గ్రే కొట్టినది గోల్‌కీపర్ చేతుల్లోకి వెళ్ళింది, 7-6. గ్రే కూడా ఈ ఊరి కుర్రాడే. తిరుగు ప్రయాణంలో బస్సులో ఐదారు గంటలు ఒక్కరు మాట్లాడలేదు, మా కొలీగ్ మధ్యలో ఒకసారి లేచి అందరికీ చాక్లెట్ పంచి మళ్ళీ కూర్చున్నాడు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

మరుసటి సీజన్‌లో 105 పాయింట్లతో డివిజన్ గెలిచాం, అది వేరే సంగతి. ఫామ్ గురించి అడిగారు కదా. 2004లో మనది మూడో స్థానం, క్రిస్టల్ పాలెస్‌ది ఆరు. సెమీస్‌లో పెనాల్టీల మీద వాళ్ళే వెళ్ళారు. అందుకే ఈ ఐదు ఓటములు నన్ను పెద్దగా బాధ పెట్టడం లేదు, 14 పాయింట్ల తేడా కూడా భయపెట్టడం లేదు.

టైన్_అవతల · మే 4

మీ పక్క ఊరి ప్రత్యర్థి న్యూకాసిల్ నుంచి నమస్కారం 😄 మార్చిలో మేం లీగ్ కప్ ఎత్తిన సంగతి ఎవరూ ప్రస్తావించలేదేంటి?

వేర్_గట్టు · మే 4

నువ్వు వస్తావని తెలుసు. డెబ్బై ఏళ్ళకి ఒక కప్పు వస్తే మాట్లాడుకోవాల్సిందే, మాట్లాడుకో. 1990 సెమీస్ గురించి డాక్టర్ గారు చెబుతారు.

రోకర్_డాక్టర్ · మే 5

అది నేను చూడలేదు, విన్నదే. న్యూకాసిల్ మూడో స్థానం, మనం ఆరు. ఇక్కడ 0-0, వాళ్ళ గ్రౌండ్‌లో మనం 2-0. జనం పిచ్ మీదకి వచ్చేసి మ్యాచ్ ఆగింది కూడా. ఇంతా చేసి ఫైనల్‌లో స్విండన్ చేతిలో ఓడిపోయాం, కానీ స్విండన్ డబ్బు లెక్కల్లో అవకతవకలు బయటపడి వాళ్ళని పైకి రానివ్వలేదు, మనల్ని పంపారు. ఫైనల్ ఓడి పైకి వెళ్ళాం! 1987లో మొదటిసారి ఈ ప్లేఆఫ్స్ పెట్టినప్పుడు (అప్పట్లో పై డివిజన్ టీమ్ కూడా కిందపడకుండా ఆడాల్సి వచ్చేది) మాత్రం గిల్లింగమ్‌తో మొత్తం 6-6 అయి, అప్పట్లో ఉన్న బయటి గోల్స్ రూలు మీద కిందకి పోయాం. ఈ క్లబ్‌తో ప్లేఆఫ్స్ ఎప్పుడూ మామూలుగా జరగలేదు బాబూ.

కోవెంట్రీ_సిరి · మే 6

శత్రువుల ఇంట్లోకి వస్తున్నాను, కొట్టకండి. ఇక్కడ ఎంఎస్ చేస్తూ స్కై బ్లూస్ (కోవెంట్రీ) వైపు తిరిగాను. కోచ్‌గా లాంపార్డ్ వచ్చాక టీమ్ ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో మీకూ తెలుసు. 2023 ఫైనల్‌లో లూటన్‌కి పెనాల్టీల మీద ఓడాం, ఇప్పుడు మాకూ బాకీ ఉంది. మీ టీమ్‌లో సగం మంది పిల్లలు కదా, రిగ్‌కి ఇంకా 17 ఏళ్ళే. ఒత్తిడి తట్టుకుంటారా?

లెక్కల_మాస్టారు · మే 6

సిరి గారూ, మంచి ప్రశ్న. 2023 సెమీస్‌లో లూటన్ మీద మొదటి లెగ్ 2-1తో గెలిచి, అక్కడికి వెళ్ళి 2-0తో ఓడాం. అప్పుడు దెబ్బ తగిలింది వయసు వల్ల కాదు, ఎత్తు వల్ల. సెంటర్ బ్యాక్‌లందరూ గాయాలతో ఇంట్లో ఉన్నారు, కార్నర్లు ఫ్రీకిక్‌ల మీద ఓషో, లాకియర్ కొట్టేశారు. ఈసారి బాలర్డ్ ఉన్నాడు, మెఫమ్ ఉన్నాడు. ముందు జోబ్ బెల్లింగమ్, జనవరిలో రోమా నుంచి లోన్ మీద వచ్చిన లె ఫే. కుర్రాళ్ళే, కానీ ఈసారి వెనక గోడ ఉంది.

గుంటూరు_నల్లపిల్లి · మే 10, తెల్లవారుజాము

2-1!!! వాళ్ళ గ్రౌండ్‌లో!!! ఇక్కడ రాత్రి పన్నెండున్నరకి మొదలైంది. ఐపీఎల్ ఆపేశారు, ఇంట్లో అందరూ యుద్ధం వార్తలు పెట్టుకుని కూర్చున్నారు, నేను దుప్పటి కింద ఫోన్‌లో కోవెంట్రీ మ్యాచ్. బంతి అంతా వాళ్ళ దగ్గరే, మనం కొట్టిందే గోల్. ఇసిడోర్ కొట్టాక రెండు నిమిషాల్లోనే రుడోని సమం చేశాడు, ఇంక చాలు డ్రా చాలు అనుకుంటుంటే 88వ నిమిషంలో వాళ్ళ డిఫెండర్ వెనక్కి ఇచ్చిన బంతిని మయెండా ఎత్తుకుపోయాడు. అరిచాను. అమ్మ పరిగెత్తుకొచ్చింది, వార్తల్లో ఏదో అయిందనుకుని. తిట్లు తిన్నాను, న్యాయమే.

వేర్_గట్టు · మే 14, రాత్రి రెండు గంటలు

నిద్ర పట్టడం లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. 76వ నిమిషంలో కోవెంట్రీ మేసన్-క్లార్క్ గోల్ కొట్టి మొత్తం సమం చేయగానే స్టేడియం అంతా చల్లబడిపోయింది, నా పక్కన కూర్చున్నాయన జాకెట్ జిప్పు పైకి కిందకి లాగుతూనే ఉన్నాడు, ఎక్స్‌ట్రా టైమ్ అంతా అదే చప్పుడు. పెనాల్టీలు ఖాయం అనుకున్నాం. 120 దాటింది, చివరి కార్నర్, లె ఫే కొట్టాడు, బాలర్డ్ తల. బార్‌కి తగిలి లోపలికి. ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను, నా కళ్ళజోడు రెండు వరసల కింద దొరికింది, ఒక కాడ లేదు. ఇప్పుడు సెల్లోటేప్ వేసి టైప్ చేస్తున్నాను.

కోవెంట్రీ_సిరి · మే 14

హాస్టల్ కిచెన్‌లో పెనాల్టీలు ఎవరెవరు కొట్టాలో లిస్టు రాసుకుంటున్నాం. ఆ కాగితం ఇంకా టేబుల్ మీదే ఉంది. ఆల్ ద బెస్ట్. ఇంకేమీ రాయలేను ఇవాళ.

రోకర్_డాక్టర్ · మే 14

సిరి అమ్మా, 1998 తర్వాత నేను వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నువ్వు తిను.

ఓరుగల్లు_ఎర్రచారలు · మే 16

ఒక మాట అడుగుతా, తిట్టకండి. గెలిచి పైకి పోయి ఏం చేస్తాం? పోయినేడు పైకి పోయిన ముగ్గురూ ఆ ఏడాదే కిందకొచ్చారు. ఈ ఏడు లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్, మళ్ళీ ముగ్గురికి ముగ్గురూ. సౌతాంప్టన్ దగ్గర ఉన్నవి 12 పాయింట్లు. మన కుర్రాళ్ళని సిటీ, లివర్‌పూల్ ముందు నిలబెట్టి కొట్టించడం కన్నా ఇంకో ఏడాది ఇక్కడే గట్టిపడితే మంచిది కదా?

లెక్కల_మాస్టారు · మే 16

కాదు బ్రదర్. ఈ ఒక్క మ్యాచ్ గెలిస్తే కనీసం 200 మిలియన్ పౌండ్లు అంటున్నారు, వెంటనే కిందపడ్డా కొన్నేళ్ళు డబ్బు వస్తూనే ఉంటుంది. గెలవకపోతే వేసవిలో జోబ్‌నీ ఇంకొందరినీ పెద్ద క్లబ్బులు పట్టుకుపోతాయి, గట్టిపడటానికి ఎవరు మిగులుతారు? పైకి వెళ్తే కనీసం ఆ డబ్బుతో వేరేవాళ్ళని కొనచ్చు.

రోకర్_డాక్టర్ · మే 16

2005-06లో 15 పాయింట్లతో కిందకొచ్చాం. ప్రతి హోమ్ మ్యాచ్‌కీ వెళ్ళాను. ఆ సీజన్ మళ్ళీ ఇస్తామన్నా తీసుకుంటాను.

ఓరుగల్లు_ఎర్రచారలు · మే 16

డాక్టర్ సాబ్, మీకో దండం 🙏

వేర్_గట్టు · మే 18

సరే, ఫైనల్‌లో మనకి ఎదురయ్యే షెఫీల్డ్ సంగతికి వద్దాం. సెమీస్‌లో బ్రిస్టల్ సిటీని రెండు మ్యాచ్‌లూ 3-0, 3-0. లీగ్‌లో మనతో చెరొకటి, అక్కడ 1-0తో వాళ్ళు, కొత్త సంవత్సరం రోజు ఇక్కడ 2-1తో మనం. కాగితం మీద వాళ్ళే ఫేవరెట్. కానీ ప్లేఆఫ్స్ ద్వారా వాళ్ళు ఒక్కసారి కూడా పైకి వెళ్ళలేదు. 1997, 2003, 2009, 2012, నాలుగు ఫైనల్స్ ఆడారు, నాలుగింటిలో కలిపి ఒక్క గోల్ లేదు. చివరిదాంట్లో హడర్స్‌ఫీల్డ్‌తో 0-0 అయి పెనాల్టీల మీద పోయారు.

టైన్_అవతల · మే 18

మీరేమన్నా తక్కువా? 1973 ఎఫ్ఏ కప్పు తర్వాత వెంబ్లీకి వెళ్ళిన ప్రతిసారీ ఓడి వచ్చారు, 2019లో ఒకే సీజన్‌లో రెండుసార్లు. ఆ శాపం 2021లో తీరిందంటే అప్పుడు కరోనా, స్టేడియంలో జనమే లేరు. ఇది ఇద్దరు నష్టజాతకుల పెళ్ళి, పంతులుగారు ఎవరో పాపం.

గుంటూరు_నల్లపిల్లి · మే 18

😂😂 ఇది మాత్రం ఒప్పుకోవాలి

ఓరుగల్లు_ఎర్రచారలు · మే 21

నాకు అర్థం కానిదొకటి. టామ్ వాట్సన్‌ని టీమ్‌లో ఎందుకు ఉంచాలి? సీజన్ అయిపోకముందే బ్రైటన్‌తో ఒప్పందం చేసుకున్నాడు, మనం పైకి పోయినా పోకున్నా వాడు ప్రీమియర్ లీగ్‌లోనే ఉంటాడు. అట్లాంటోడిని బెంచ్ మీద కూర్చోబెట్టే బదులు ఉండేవాడికి ఇవ్వచ్చు కదా. అకాడమీలో పెరిగిన పిల్లగాడు ఇట్ల చేస్తే మనసు విరిగిపోయింది.

లెక్కల_మాస్టారు · మే 21

నాకూ కోపమే. అయినా 19 ఏళ్ళ కుర్రాడికి ఆ డబ్బు, ఆ లీగ్ చూపిస్తే ఎవరు కాదంటారు, మనం కంపెనీ మారేటప్పుడు నోటీసు పీరియడ్‌లో ఎంత పని చేశామో గుర్తు తెచ్చుకోండి.

ఓరుగల్లు_ఎర్రచారలు · మే 21

అదే చెప్తున్నా, నేనైతే ఏం పని చేయలే 😅

రోకర్_డాక్టర్ · మే 22

ఉండనివ్వండి. చివరి పది నిమిషాల్లో అందరి కాళ్ళూ బరువెక్కుతాయి, ఓడిపోతే రేపు ఊళ్ళో ఎలా తిరగాలా అని ఆలోచిస్తూ ఆడతారు. ఊరు వదిలి వెళ్ళేవాడికి ఆ బెంగ ఉండదు కదా.

వేర్_గట్టు · మే 23, సాయంత్రం

మా బస్సు రేపు తెల్లవారకముందే బయలుదేరుతుంది. మ్యాచ్ మధ్యాహ్నం మూడు గంటలకి, ఇండియాలో రాత్రి ఏడున్నర, గుంటూరు తమ్ముడూ ఈసారి దుప్పటి అవసరం లేదు. నా అంచనా అడిగితే 1-1, ఎక్స్‌ట్రా టైమ్, ఆ తర్వాత నేను చూడను, బయటికి వెళ్ళి నిలబడతా. డాక్టర్ గారూ, మీరు వస్తున్నారా?

రోకర్_డాక్టర్ · మే 23

మా అమ్మాయి రెండు టికెట్లు తీసింది. 1998లో వేసుకున్న మఫ్లర్ ఇంట్లోనే వదిలేయమంటోంది, నేను బ్యాగ్ అడుగున పెట్టేశాను, దానికి చెప్పకండి. మీ బస్సు సర్వీస్ స్టేషన్‌లో ఎక్కడ ఆగుతుందో మెసేజ్ పెట్టండి. పులిహోర ఎక్కువ కలిపింది మా ఆవిడ.

టైన్_అవతల · మే 23

పైకి రండయ్యా. లీగ్‌లో మన రెండు ఊళ్ళ మధ్య డెర్బీ మ్యాచ్ ఆడి తొమ్మిదేళ్ళయింది. ఈ మాట నేనన్నానని ఎవరికైనా చెబితే మాత్రం ఊరుకోను.