మెదడు కణితి: ఎంత తీయాలి, ఎక్కడ ఆపాలి?

వెన్నెల12: మాట్లాడే భాగాన్ని ఆనుకుని ఉన్న గ్లయోమాకి (మెదడులోనే పుట్టే ఒక రకం కణితి) ఆపరేషన్ అన్నప్పుడల్లా ఒకటే మాట వినిపిస్తుంది: ఎక్కువ తీస్తే ఆయుష్షు, తక్కువ తీస్తే మాట. నిజంగా అంతేనా? సర్జన్‌ని ఏం అడగాలి?

ఓటీ_దీపం: అంతే కాదండీ. గ్లయోబ్లాస్టోమాలో, అంటే వేగంగా పెరిగే గ్లయోమాలో, కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఎమ్మారైలో మెరిసే భాగమంతా తీయగలిగితే మనిషి ఎక్కువ కాలం ఉండే అవకాశం పెరుగుతుంది, అది నిజం. కానీ ఆపరేషన్‌తోనే కొత్తగా పక్షవాతం వచ్చినా, మాట పోయినా ఆ లాభం చేజారుతుంది. మంచాన పడ్డ మనిషికి 30 విడతల్లో 60 గ్రే (మోతాదు కొలత) రేడియేషన్, దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ అనే కీమో మందు పూర్తి చేయించడం కష్టం. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టడం, నిమోనియా. చెయ్యి, మాట కాపాడటం కూడా ఆయుష్షు కాపాడటమే.

ఇంకోటి. కణితి కణాలు స్కాన్‌లో కనిపించే అంచు దాటి పాకి ఉంటాయి. అమెరికన్ న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ 1928లో మెదడు కుడి అర్ధగోళాన్నే తీసేసిన కేసులు ప్రచురించారు. అంత తీసినా జబ్బు నయం కాలేదు.

మ్యాపింగ్_బల్ల: మాట దగ్గరి కణితి అయితే మెలకువలో ఆపరేషన్ చేస్తారా అన్నది మొదటి ప్రశ్న. అంటే మనిషిని మాట్లాడిస్తూ మెదడు మీద చిన్న కరెంటు పెట్టి, మాట తడబడిన చోటు వదిలేయడం; దీన్నే మ్యాపింగ్ అంటారు. ముందురోజే బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పించాలి. అప్పుడే తడబడిన కార్డులు పక్కన పెట్టేయాలి, లేకపోతే ఆపరేషన్‌లో వచ్చిన తప్పు కరెంటు వల్లో కాదో తేలదు. రెండు భాషలు మాట్లాడేవారికి రెండింటిలోనూ పరీక్షించాలి, ఎందుకంటే రెండింటి చోట్లూ ఒకటే కాకపోవచ్చు.

కరెంటు సాధారణంగా 60 హెర్ట్జ్, 1 మిల్లీఆంపియర్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుతారు. ఒక్కో చోట మూడుసార్లు, వెంటవెంటనే కాకుండా. అక్కడే ఫిట్స్ మొదలైతే చల్లటి సెలైన్ మెదడు మీద పోస్తారు, చాలాసార్లు ఆగిపోతుంది. అందుకే ఐస్‌లో పెట్టిన సెలైన్ చేతికందే చోట లేకుండా మ్యాపింగ్ మొదలుపెట్టకూడదు.

ఓటీ_దీపం: 5-ఏఎల్‌ఏ గురించి కూడా, అది కణితిని మెరిపించే మందు. కిలోకి 20 మిల్లీగ్రాములు, మత్తుకు సుమారు మూడు గంటల ముందు తాగిస్తారు. నీలి వెలుగులో కణితి గులాబీ రంగులో మెరుస్తుంది. అది కణితి ఎక్కడుందో చెబుతుంది, ఆ చోటు ఏ పని చేస్తుందో చెప్పదు. గులాబీ రంగు కనిపించిందని మ్యాపింగ్ ఆపమన్న చోట తీయకూడదు. తర్వాత 24 గంటలు ఎండ, గట్టి లైట్లు తగలనివ్వొద్దు.

మెల్లగా_నడక: కుడివైపు కణితి అనగానే "ఫర్వాలేదు, మాట పోదు" అనేస్తారు. నాకు చాలా బాధ కలిగించే మాట ఇది. ఎడమవైపున్న వస్తువుల్ని గమనించకపోవడం, ఎదుటివారి ముఖభావం పట్టలేకపోవడం, సగం చూపు పోవడం అక్కడ కూడా జరుగుతాయి. సగం చూపు పోతే బండి నడపడం ఆగిపోతుంది. ఆ మనిషి రోజూ ఏ పని చేస్తారో సర్జన్‌కి విడమరిచి చెప్పండి.

లోటు వచ్చినా అన్నీ ఒకటి కావు. కదలికల్ని మొదలుపెట్టించే ఎస్ఎంఏ అనే మెదడు భాగం దగ్గర తీస్తే మాట, ఒకవైపు కదలిక పూర్తిగా ఆగిపోవచ్చు, అయినా చాలామందిలో వారాల్లో, నెలల్లో తిరిగొస్తాయి. మెదడు భాగాల్ని కలిపే లోపలి తెల్ల తీగల కట్ట తెగితే మాత్రం ఆశ తక్కువ. "వచ్చే లోటు తాత్కాలికమా, శాశ్వతమా" అని విడిగా అడగాలి.

వెన్నెల12: కొంత వదిలేస్తే ఏమవుతుంది?

మ్యాపింగ్_బల్ల: కణితి రకాన్ని బట్టి. చెవి నరం మీది ష్వానోమాలో (నరం పొర నుంచి పుట్టే, క్యాన్సర్ కాని కణితి) ముఖ నరానికి అంటుకున్న పలుచని పొర వదిలి, అది పెరిగితే రేడియోసర్జరీ (గురిపెట్టి ఇచ్చే రేడియేషన్) ఇవ్వడం అందరికీ తెలిసిన దారే. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పున్న నెమ్మది గ్లయోమాలో కొన్నేళ్ల తర్వాత రెండోసారి మ్యాపింగ్ చేస్తే, పని వేరే చోటికి జరిగి ఇంకొంచెం తీయగలగడం కూడా ఉంది. గ్లయోబ్లాస్టోమాలో అంత టైం ఉండదు. ఎంత మిగిలిందో తెలియాలంటే ఎమ్మారై 72 గంటల్లోపే తీయించండి. ఆలస్యమైతే ఆపరేషన్ గాయమే కణితిలా మెరుస్తుంది.

మెల్లగా_నడక: మెదడు వాపుకిచ్చే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ తగ్గించే షెడ్యూల్ డిశ్చార్జ్ కాగితంలో తేదీలతో రాయించుకోండి. వారాల తరబడి సాగితే తొడ కండరాలు నీరసించి కుర్చీలోంచి లేవలేరు, దాన్ని కణితి తిరగబెట్టిందని పొరబడతారు. అలాగని వాడేవారు ఒక్కసారిగా మానకూడదు.