పల్స్ బాగానే ఉంది, గుండె మందు డిగాక్సిన్ ఎందుకు ఇవ్వకూడదు?

ప్రశ్న:
వచ్చే నెలలో నర్సింగ్ లైసెన్సింగ్ పరీక్ష. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు) వాడుతున్న పేషెంట్‌కి ఉదయం డిగాక్సిన్ ఇవ్వాలి. పల్స్ 72, పొటాషియం 2.9. పల్స్ 60 పైనే ఉంది కదా అని ‘ఇవ్వాలి’ అని పెట్టాను. తప్పన్నారు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

జవాబు:
పొటాషియం చూడమ్మా. 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఫ్యూరోసెమైడ్ దాన్ని మూత్రంలో బయటికి పంపేస్తుంది. గుండె కణాల మీద డిగాక్సిన్, పొటాషియం ఒకే చోటు కోసం పోటీపడతాయి. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ ఎక్కువగా అతుక్కుంటుంది. అందుకే రక్తంలో మందు మోతాదు సరిగ్గానే ఉన్నా విషలక్షణాలు రావచ్చు. మందు ఆపి డాక్టర్‌కి చెప్పాలి.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక పెద్దావిడ రెండు రోజులుగా తిండి వద్దంటోంది. వయసు వల్లేమో అనుకున్నాం. మాత్ర ఇవ్వబోతుంటే, ‘లైటు చుట్టూ పసుపుగా కనిపిస్తోందమ్మా’ అంది. మాత్ర కప్పులోనే ఉంచేసి డాక్టర్‌కి ఫోన్ చేశాను. అది డిగాక్సిన్ విషలక్షణమే. ఆకలి లేకపోవడం, వికారం ముందే వస్తాయి. వాటిని తేలిగ్గా తీసుకోకు.

ఇంకో జవాబు:
అక్క చెప్పింది నిజం. పల్స్ కూడా మణికట్టు దగ్గర కాదు, స్టెతస్కోప్ ఛాతీ ఎడమవైపు ఐదో పక్కటెముకల సందులో పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. డాక్టర్ పొటాషియం ఐవీ (నరంలోకి) రాస్తే సిరంజితో నేరుగా ఎప్పుడూ ఎక్కించకూడదు, గుండె ఆగిపోతుంది. ఫ్లూయిడ్‌లో కలిపి పంపు మీద నెమ్మదిగా ఇవ్వాలి. ముందు యూరిన్ వస్తోందో లేదో చూసుకో.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు అర్థమైంది అక్కా. నేను ల్యాబ్ రిపోర్ట్ వైపు చూడనే లేదు.