ఆటల పీరియడ్ అందరికీ తప్పనిసరి చేయాలా? (అనంతపురం జిల్లా తల్లిదండ్రులు, టీచర్ల చర్చ)

ఉరవకొండ అమ్మ: మా పాప తొమ్మిదో తరగతి. ఈ ఏడే బడి మార్చాం, ఇంకా స్నేహితులు లేరు. ఆటల పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటుంది. బలవంతంగా పంపాలా?

గుత్తి పీఈటీ: పంపాలి మేడం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 లెక్కల ప్రకారం ప్రపంచం మొత్తంలో 11-17 ఏళ్ల ఆడపిల్లల్లో 85 శాతం మందికి అది అందడం లేదు. ఫోన్ పట్టుకుని ఇంట్లో కూర్చుంటే స్నేహాలు రావు, గ్రౌండ్‌లోనే వస్తాయి.

ఉరవకొండ అమ్మ: నేను ఫోన్ గురించి అడగలేదు సార్. ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి మిగతావాళ్లను ఏరుకోమంటారు. మా పాప చివరికి మిగులుతుంది. "నువ్వు తీసుకో", "వద్దు, నువ్వే తీసుకో" అని వాళ్లు వాదించుకుంటుంటే అందరి ముందూ నిలబడాలి. లెక్కల్లో మార్కులు తగ్గితే పేపర్ మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. ఇక్కడ ఎక్కడ దాక్కోవాలి?

తాడిపత్రి నాన్న: మీకు ఆటల పీరియడ్ అయినా ఉంది. మా వాడి టైంటేబుల్లో ఉన్నది లెక్కల సారు తీసుకుంటాడు.

గుత్తి పీఈటీ: నా బాధా అదే అన్నా. పదో తరగతి 600 మార్కుల్లో ఆటలకు ఒక్కటీ లేదు. దసరా దాటితే నా పీరియడ్ ఎవరిదో అయిపోతుంది. ఒంటిపూట బడులు పెడితే ముందు పోయేదీ నాదే. మేడం, ఏరుకోవడం తప్పంటారా? మేమూ అట్లే ఆడినాం. ఓడిపోవడం కూడా నేర్చుకోవాలి.

ఉరవకొండ అమ్మ: ఓడాలంటే ముందు జట్టులో ఉండాలి కదా సార్!

కళ్యాణదుర్గం డిగ్రీ స్టూడెంట్: మా బడిలో బట్టలు మార్చుకునే గది లేదు. నెలసరి రోజుల్లో చెట్టు కింద కూర్చునేదాన్ని. అందుకు తిట్లు కూడా తిన్నాను. నాకు స్నేహితురాలు దొరికింది రింగు ఆటలోనే. ఇద్దరు చాలు, ఎవరూ ఏరుకోరు.

గుత్తి పీఈటీ: అందరికీ రింగులు ఇస్తూ కూర్చుంటే బడుల మధ్య జరిగే ఎస్‌జీఎఫ్ పోటీలకు ఖోఖో జట్టును ఎప్పుడు తయారు చేయాలి? కప్పు రాకపోతే హెడ్‌మాస్టర్ అడిగేది నన్నే.

ఉరవకొండ అమ్మ: ఇప్పుడు అసలు మాట బయటపడింది. ఆ పీరియడ్ మీ జట్టు కోసం. మిగతావాళ్లు చప్పట్లు కొట్టడానికా?

గుత్తి పీఈటీ: ఆ జట్టులో కూలికి పోయేవాళ్ల పిల్లలు ఉన్నారమ్మా. స్పోర్ట్స్ కోటాలో ఒక్క సీటు వస్తే ఒక ఇల్లు నిలబడుతుంది. మీ పాపకు స్నేహితులు కావాలని వాళ్లను వదిలేయమంటారా?

ఉరవకొండ అమ్మ: వదిలేయమనలేదు. వాళ్లకు సాయంత్రం కోచింగ్ ఇవ్వండి.

తాడిపత్రి నాన్న: సాయంత్రం ఉంటే ఊరికి బస్సు దొరకదక్కా.

గుత్తి పీఈటీ: అదీ సంగతి. మా బడిలో ఏరుకోవడం ఆపేసి రోల్ నంబర్లతో జట్లు చేస్తాను. పోటీల నెలల్లో మాత్రం పీరియడ్ ఖోఖోకే.

ఉరవకొండ అమ్మ: రోల్ నంబర్ల మాట బాగుంది సార్. రెండోది ఒప్పుకోను. తప్పనిసరి అంటే ప్రతి పిల్లకూ ఆ పీరియడ్‌లో ఒక ఆట ఉండాలి. అది లేనన్నాళ్లు మా పాప వెళ్లనంటే నేనే లెటర్ రాసిస్తాను.