"విస్కీ డౌన్" అంటే ఏమిటి? న్యూయార్క్ డైనర్ మాటల మీద చర్చ

ప్రశ్న (అనువాదం చేస్తున్న సభ్యురాలు):

అందరికీ నమస్కారం. న్యూయార్క్‌లో జరిగే ఒక కథను తెలుగులోకి తెస్తున్నాను. తెల్లవారుజామున ఒక డైనర్‌లో (కౌంటర్ ముందు స్టూళ్ల మీద కూర్చుని తినే చిన్న తిండి దుకాణం) వెయిట్రెస్ వంటాయన వైపు తిరిగి "టూ ఓవర్ ఈజీ, విస్కీ డౌన్" అని కేకేస్తుంది. మొదటి ముక్క గుడ్ల గురించని అర్థమైంది. రెండోది అంతుపట్టలేదు. పొద్దున్నే విస్కీ ఏమిటి? ఇంకో సందేహం కూడా ఉంది. డైనర్‌ని "హోటల్" అనేస్తే సరిపోతుందా? "పూటకూళ్ళ ఇల్లు" అంటే మరీ పాతగా ఉంటుందా?

జవాబు:

అమ్మా, అక్కడ విస్కీ లేదు. అది రై రొట్టె టోస్ట్. రై అనే ధాన్యంతో రొట్టె చేస్తారు, అమెరికాలో దానితోనే ఒక రకం విస్కీ కూడా కాస్తారు. అలా రై రొట్టెకి వంటింట్లో విస్కీ అనే పేరు వచ్చింది. డౌన్ అంటే టోస్టర్ మీట కిందికి నొక్కమని.

నేరుగా రై టోస్ట్ అనొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. పొద్దున ఏడు గంటలకి కిటకిటలాడే డైనర్‌లో ఒక్కసారి కూర్చుంటే కారణం తెలుస్తుంది. ఒకవైపు పెనం మీద చుయ్యిమంటూ బేకన్ (పల్చటి పంది మాంసం ముక్కలు), ఇంకోవైపు కప్పులూ సాసర్ల చప్పుడు, మధ్యలో కౌంటర్ పొడుగునా జనం మాటలు. ఆ గోలలో "వైట్" అన్నా "రై" అన్నా చెవికి దాదాపు ఒకేలా చేరతాయి. "విస్కీ" మాత్రం ఇంకే రొట్టె పేరుతోనూ కలవదు. ఈ డైనర్ భాషని చాలామంది పనివాళ్ల సరదా కబుర్లుగా చూస్తారు. నేను ఒప్పుకోను. సరదా అందులో ఉంది, కానీ ఆ మాటలు నిలబడింది సరదా వల్ల కాదు. తప్పుగా వినబడితే ఒక ప్లేటు వెనక్కి వస్తుంది, దాని వెనకున్న ఆర్డర్లన్నీ ఆలస్యమవుతాయి. పొరపాటు జరగకుండా చూసుకోవాల్సిన మనుషులు తయారుచేసుకున్న పనిముట్టు ఆ భాష.

కాబట్టి మీ వాక్యంలో "విస్కీ డౌన్!" అని తెలుగు లిపిలో అలాగే ఉంచండి. కింద ఫుట్‌నోట్ పెట్టకండి. తర్వాతి వాక్యంలో వంటాయన చేత రెండు రై రొట్టె ముక్కలు టోస్టర్‌లో వేయించి మీట నొక్కించండి. చదివేవాళ్లు తామే కలుపుకుంటారు.

"ఓవర్ ఈజీ" సంగతి వేరు. అది చాలాకాలం క్రితమే వంటింటి గుమ్మం దాటి మామూలు ఇంగ్లీషు అయిపోయింది. కౌంటర్ ముందు కూర్చున్నవాళ్లు కూడా అలాగే అడుగుతారు. గుడ్డు పగలగొట్టి పెనం మీద వేసి, ఒకవైపు కాలాక తిరగేసి, పచ్చసొన గట్టిపడకముందే తీసేయాలి. తిరగేయకుండా దించితే "సన్నీ సైడ్ అప్". సొన పూర్తిగా గట్టిపడేదాకా ఉంచితే "ఓవర్ హార్డ్". మన హోటళ్లలో "హాఫ్ బాయిల్" అంటే ఎక్కువచోట్ల తిరగేయని గుడ్డే వస్తుంది. అందుకని ఇక్కడ ఆ మాట వాడితే గుడ్డు మారిపోతుంది. "రెండు గుడ్లు, తిరగేసి, సొన కారేలా" అని రాస్తే కేకలా కూడా ఉంటుంది, అర్థమూ చెడదు.

ఇక అసలు మాట, డైనర్.

"హోటల్" నాకు నచ్చట్లేదు. మనకి హోటల్ అంటే ముందు తిండే గుర్తొస్తుంది, నిజమే. కానీ కథ అమెరికాలో జరుగుతోంది, అక్కడి హోటల్లో జనం రాత్రి పడుకుంటారు. పాఠకుడు రెండు పేజీల పాటు అయోమయంలో పడతాడు. పూటకూళ్ళ ఇల్లు అందమైన మాటే. క్రీడాభిరామంలో ఓరుగల్లులోని లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకి దొరికే భోజనం వర్ణన గుర్తు తెచ్చుకోండి. సన్న బియ్యపు అన్నం, పిండివంట, నెయ్యి, పెరుగు, అన్నీ ఉంటాయి. కానీ ఆ మాటలోనే "ఇల్లు" ఉంది. ఒకరి ఇంట్లో, ఆ ఇంటివాళ్లు వండిపెట్టేది, పూటకి ఇంత అని డబ్బు తీసుకునేది. డైనర్‌కి ఇల్లు లేదు. దాని పుట్టుక బండి.

1872లో ప్రావిడెన్స్ అనే ఊళ్లో వాల్టర్ స్కాట్ (నవలలు రాసినాయన కాదు) గుర్రబ్బండిలో తిండి పెట్టుకుని రాత్రి పూట పత్రికాఫీసుల వీధిలో అమ్మడం మొదలుపెట్టాడు. రాత్రి షిఫ్టు వాళ్లకి మిగతా చోట్లన్నీ మూసేసి ఉండేవి. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే అది టిఫిన్ బండి, ఇక్కడ ఆ మాట నిస్సంకోచంగా వాడొచ్చు. తర్వాత బండి లోపలే కూర్చుని తినే ఏర్పాటు వచ్చింది. ఆ తర్వాత చక్రాలు నామమాత్రమయ్యాయి, బండి ఒకచోట స్థిరపడింది. 1906లో మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో "వుస్టర్ లంచ్ కార్ కంపెనీ" మొదలైంది. న్యూజెర్సీలో జెర్రీ ఓమహోనీ, ఫొడేరో, కల్‌మన్ లాంటి కంపెనీలు వెలిశాయి. వీటి పని డైనర్లని ఫ్యాక్టరీలో పూర్తిగా కట్టి, స్టూళ్లు, కౌంటర్, పెనంతో సహా కొన్నవాళ్ల స్థలానికి చేర్చడం. రైలు భోజన పెట్టెని డైనింగ్ కార్ అంటారు, దాన్ని కుదిస్తే డైనర్. అదే పోలికలో వీటికీ ఆ పేరు అంటుకుంది. పాత ట్రామ్ పెట్టెల్ని మార్చి డైనర్లు చేశారని చాలామంది నమ్ముతారు. కొన్నింటి విషయంలో నిజమే, కానీ పేరుమోసినవి చాలావరకు డైనర్లుగానే తయారైనవి.

ఈ చరిత్ర అనువాదానికి ఎందుకంటే, ఆకారానికీ భాషకీ సంబంధం ఉంది. రోడ్డు మీదో రైలు మీదో తరలించాలి కాబట్టి డైనర్ సన్నగా, పొడుగ్గా ఉండాలి. సన్నటి పెట్టెలో బల్లలకి చోటుండదు, అందుకే పొడుగాటి కౌంటర్, దాని ముందు వరసగా స్టూళ్లు. పెనం కౌంటర్‌కి అవతలే, గోడవారగా. ఆర్డర్ తీసుకున్న మనిషి చీటీ రాసి లోపలికి పంపనక్కర్లేదు, మెడ తిప్పి కేకేస్తే చాలు. ఆ కేక గట్టిగా ఉండాలి, పొట్టిగా ఉండాలి. తినేవాళ్ల ముందే అరుస్తారు కనుక వినడానికి కాస్త బాగుండాలి కూడా.

అందుకే నా సలహా, "డైనర్" అనే ఉంచండి. మొదటిసారి వచ్చినప్పుడు "రైలుపెట్టెలా సన్నగా, మెరిసే రేకు తొడుగుతో ఉన్న డైనర్" అని ఒక్క విశేషణం తగిలించండి.

విజయవాడ మాస్టారు:

చాలా బాగా చెప్పారు. ఇలాంటివి మరికొన్ని ఉంటే ఉదహరించండి. "ఎయిటీ సిక్స్" అనే మాట ఎక్కడో చదివాను, అదీ ఇక్కడిదేనా?

జవాబు:

మాస్టారూ, బోలెడున్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది "ఆడమ్ అండ్ ఈవ్ ఆన్ ఎ రాఫ్ట్". మరిగే నీళ్లలోకి పగలగొట్టి ఉడికించిన రెండు గుడ్లు, టోస్ట్ మీద. దాన్నే చిదిపి కలిపేయమనాలంటే "రెక్ దెమ్" అని చేరుస్తారు, అంటే పడవ పగలగొట్టమని. ఇది తెలుగులోకి చక్కగా వస్తుంది, ఎందుకంటే మన బైబిల్లో వాళ్ల పేర్లు సిద్ధంగా ఉన్నాయి. "తెప్ప మీద ఆదాము హవ్వ!" "తెప్ప ముంచెయ్!" చదివిన వెంటనే బొమ్మ కళ్లకి కడుతుంది.

కొన్ని అసలు రావు. ట్యూనా చేప శాండ్‌విచ్‌ని టోస్ట్ మీద ఇమ్మనడానికి "రేడియో" అంటారు. ట్యూనా డౌన్ అనేదాన్ని గబగబా అంటే "టర్న్ ఇట్ డౌన్"లా వినబడుతుంది, తగ్గించేది రేడియోని కదా! శబ్దం మీద ఆడిన ఆట అది, భాష మారితే ఆట ముగుస్తుంది. "జాక్" కూడా అలాంటిదే. కాల్చిన అమెరికన్ చీజ్ శాండ్‌విచ్ ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు జీ, ఏ, సీ. వాటిని కలిపి పలికితే జాక్. అందులో బేకన్ వేస్తే "జాక్ బెన్నీ". ఆయన ఆ కాలంలో ఇంటింటా తెలిసిన రేడియో హాస్యనటుడు. మన ఎమ్మెల్యే పెసరట్టు పేరు వెనకా ఇలాంటి కథే ఉంది కదా. హైదరాబాదు ఎమ్మెల్యే క్వార్టర్స్ తెలియనివాళ్లకి ఉప్మా నింపిన పెసరట్టుకి ఆ పేరెందుకో ఎంత చెప్పినా పట్టదు.

"ఎయిటీ సిక్స్" అంటే ఆ పదార్థం అయిపోయిందని. "ఎయిటీ సిక్స్ ద సూప్" అంటే ఇక సూప్ ఆర్డర్లు తీసుకోవద్దని. 1933లో వాల్టర్ విన్చెల్ అనే పత్రికా కాలమిస్టు సోడా ఫౌంటెన్ (సోడాలు, ఐస్‌క్రీమ్ అమ్మే కౌంటర్) పనివాళ్ల మాటల్ని అచ్చువేసినప్పుడు ఇది అందులో ఉంది. తర్వాత అర్థం పెరిగి, గొడవచేసే మనిషిని బయటికి పంపేయడానికి కూడా వాడుతున్నారు. గ్రీనిచ్ విలేజ్‌లో 86 బెడ్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఒకప్పుడు ఉన్న చమ్లీస్ అనే పాత దొంగసారా దుకాణం నంబరు నుంచి వచ్చిందని న్యూయార్క్‌లో గట్టిగా చెప్తారు. నాకు అది చెప్పుకోవడానికి బాగున్న కథలాగే అనిపిస్తుంది. "నిక్స్" అంటే లేదు అని అర్థం, దానికి ప్రాస కుదిరేలా "సిక్స్" వచ్చిందనే వాదన నాకు సబబుగా తోస్తుంది.

విజయవాడ మాస్టారు:

దీనికి మన మాట ఒకటుంది. "నిండుకున్నాయి". మా అమ్మ బియ్యం అయిపోయాయని ఎప్పుడూ అనేది కాదు, "బియ్యం నిండుకున్నాయి" అనేది. ఇంట్లో లేదనే మాట అనకూడదని.

జవాబు:

మాస్టారూ, మీకు నమస్కారం. ఇది నాకు తట్టనే లేదు. రెండూ వంటింట్లో పుట్టినవే, రెండూ "లేదు" అనే మాటని దాచేవే. అయితే దాచడంలో తేడా ఉంది. మన అమ్మలు అశుభం పలకకూడదని దాచారు, డైనర్ వాళ్లు ఎదురుగా కూర్చున్నవాళ్లకి తెలియకూడదని దాచారు. కథలో వెయిట్రెస్ వంటాయనకి చెప్తుంటే "సూప్ నిండుకుంది" అనొచ్చు. వింటున్న మనిషికి అర్థం కాకూడదనేది అక్కడ ముఖ్యమైతే మాత్రం "ఎయిటీ సిక్స్" అనే వదిలేయాలి. మనిషిని గెంటేసే అర్థంలో నిండుకోవడం ఎలాగూ పనికిరాదు.

ఎడిసన్ నుంచి ఒక సభ్యుడు:

మా న్యూజెర్సీలో డైనర్లకి లోటు లేదండీ. రాత్రి రెండింటికి కూడా వేడిగా ఏదో ఒకటి దొరుకుతుంది, మాంసం తిననివాళ్లకీ గ్రిల్డ్ చీజ్, పాన్‌కేక్ ఉంటాయి. కానీ మీరు చెప్పిన కేకలు నేనెక్కడా వినలేదు. మెనూ చూస్తే సగం గ్రీకు వంటలే. ఇప్పటికీ ఈ మాటలు ఎవరైనా వాడుతున్నారా?

జవాబు:

మీరన్నది నిజం. పెనం వెనక గదిలోకి వెళ్లిపోయింది, ఆర్డర్లు కంప్యూటర్ తెరమీద పడుతున్నాయి, మెడ తిప్పి కేకేసే అవసరం తీరిపోయింది. "ఓవర్ ఈజీ", "బీఎల్టీ" (బేకన్, లెట్యూస్ ఆకు, టమాటా శాండ్‌విచ్), "మేయో" (మేయనీజ్) అందరి మాటలైపోయాయి. "ఎయిటీ సిక్స్" రెస్టారెంట్ వంటశాలల్లో రోజూ వినిపిస్తుంది. "విస్కీ డౌన్" పాత పనివాళ్ల దగ్గరే మిగిలింది. ఆదాము హవ్వలు మాత్రం ఇప్పుడు ఎక్కువగా పుస్తకాల్లోనే ఉన్నారు. సభ్యురాలు తెస్తున్న కథ ఏ కాలానిదో చూసుకోవాలి. ఈనాటి కథలో పాతికేళ్ల వెయిట్రెస్ చేత ఇవన్నీ పలికిస్తే నాటకంలా ఉంటుంది.

గ్రీకుల మాట ఎత్తారు కాబట్టి చెప్పాలి. గత శతాబ్దం రెండో సగంలో న్యూయార్క్ డైనర్లు చాలావరకు గ్రీసు నుంచి వలస వచ్చిన కుటుంబాల చేతుల్లోకి వెళ్లాయి. అందుకే ఆమ్లెట్ పక్కనే స్పనకోపిటా, సువ్లాకీ. నీలం, తెలుపు రంగుల్లో "మీకు సేవ చేయడం మాకు సంతోషం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంతో ఉండే కాగితం కాఫీ కప్పు కూడా ఆ గ్రీకు యజమానుల్ని దృష్టిలో పెట్టుకుని చేసిందే. 1963లో షెరీ కప్ కంపెనీలో పనిచేసే లెస్లీ బక్ దాన్ని గీశాడు. ఆయన చెకోస్లొవేకియాలో పుట్టిన యూదుడు, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడినవాడు. కప్పు మీద ఆంఫొరా అనే గ్రీకు కూజా బొమ్మ ఉంటుంది. కప్పు పేరేమో "ఆంథొరా". ఆయన యాసలో ఆంఫొరా అలా పలికిందట, ఆ పలుకే పేరుగా నిలిచింది. ఒక వలస మనిషి నోటి తీరు ఒక మహానగరం చేతిలో ఏళ్ల తరబడి తిరగడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి. మాన్‌హట్టన్‌లో పెద్ద భవనం కింది అంతస్తులో ఉన్నదాన్ని, మెనూ అచ్చం డైనర్‌దే అయినా, పాత న్యూయార్క్ వాళ్లు "కాఫీ షాప్" అంటారు. విడిగా నిలబడి, పెట్టె ఆకారంలో ఉంటేనే వాళ్లకి డైనర్. ఆ పెట్టె ఇప్పటికీ బండే. సోహోలో ఉన్న మూన్‌డాన్స్ డైనర్‌ని 2007లో ఎత్తి లారీ మీద పెట్టి రెండు వేల మైళ్లకి పైగా దూరంలోని వయోమింగ్‌కి తీసుకుపోయారు. హోటల్నీ పూటకూళ్ళ ఇంటినీ అలా తీసుకుపోలేం.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. కథ జరిగేది 1950ల్లో, కాబట్టి కేకలు ఉంచేస్తాను. చివరగా ఒక్కటి. అదే సీనులో ఒకాయన "కాఫీ, రెగ్యులర్" అంటాడు. "మామూలు కాఫీ" అని రాశాను. మరీ చప్పగా ఉందా?

జవాబు:

మార్చకండి. అమెరికాలో చాలాచోట్ల రెగ్యులర్ అంటే కెఫీన్ తీయని కాఫీ అని. న్యూయార్క్‌లో మాత్రం, ముఖ్యంగా ఆ కాలంలో, పాలు, పంచదార కలిపిచ్చే కాఫీ అని. మన దగ్గర మామూలు కాఫీ అంటే ఎవరూ అడగకుండానే పాలు, పంచదార వేసే ఇస్తారు. మీ అనువాదం మొత్తంలో కప్పులోది కూడా మారకుండా వచ్చిన మాట ఇదే. పక్క స్టూలు మీదాయన "బ్లాక్" అంటే అక్కడ "డికాషన్" అని రాయకండి, అది వేరే పదార్థం. "పాలు లేకుండా" చాలు.